ప్రేమలీల రాసిన పేజీ

కోవూరు నుంచి నెల్లూరు ఆఫీసుకి పోయేటప్పుడు, బస్సు పెన్న వంతెన దాటే కాసేపూ సబీనా కిటికీలోంచి ఏటిని చూస్తూ కూర్చునేది. ఇంటిపని, ఆఫీసుపని రెండూ గుర్తురాని సమయం అదొక్కటే. ప్రేమలీల ఉద్యోగంలో చేరినాక అదీ పోయింది. బస్సెక్కగానే ఫోన్ తెరిచి, ప్రేమలీల రాసిన పేజీలో తప్పులు వెతకడమే.

తీరం పొడుగునా ఉన్న రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలకి వాళ్ల ఆఫీసు సాఫ్ట్‌వేర్ చేసిస్తుంది. తొట్లలో నీటి వేడి, ఉప్పు, వేసిన మేత, అన్నీ డేటాబేస్‌లో చేరతాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఎట్లా వాడాలో చెప్పే పుస్తకాలన్నీ సబీనా రాసినవే. టైలర్ లాల్ అహ్మద్ కూతురామె. పట్టుబట్టి డిగ్రీ చదివి, ఈ పనిలో కుదురుకుని పేరు తెచ్చుకుంది. కొత్తగా చేరినోడికి కూడా అర్థమయ్యేట్టు ఓపిగ్గా రాస్తుందని అందరూ అనేవాళ్లు.

ఈ ఏడాది ఆఫీసులో కొత్త టూల్ తయారైంది. డేటాబేస్ ఆరోగ్యం ఎట్లా ఉందో పరీక్ష చేసి చెప్తుంది. దాన్ని వాడేది మనుషులు కాదు, తమంతట తామే పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్లు. వాటికి టూల్ గురించి వివరించే పేజీ రాయాలి. ఆ పని తనదే అనుకుంది సబీనా. యజమాని నరేంద్రబాబు దాన్ని ప్రేమలీలకి ఇచ్చినాడు.

"మీరు మనుషులకి రాస్తారు గదా సబీనా గారూ. ఇది ఏజెంట్ చదవాల. వేరే రకం" అన్నాడు.

ప్రేమలీల వాకాడు నుంచి వచ్చిన పిల్ల. పాతికేళ్లుంటాయేమో. ఆమె రాసిన పేజీ ఒక్క చూపులో అయిపోయేంత పొట్టిది. టూల్ 'బాగుంది' అంటే ఏం చేయాలి, 'జాగ్రత్త' అంటే ఏం చేయాలి, 'ప్రమాదం' అంటే ఏం చేయాలి, అంతే. సబీనాకి ఒళ్లు మండింది. దాన్ని అందరూ మెచ్చుకుంటుంటే ఇంకా మండింది. చివరికి ఆ అమ్మాయి తెచ్చే చేపల పులుసు బాగుందని ఎవరన్నా అన్నా సహించలేకపోయింది.

"ఎవురే ఆ ప్రేమలీల? అన్నం ముందర కూడా ఆమె మాటేనా" అని ఆ రాత్రి ఇంట్లో విసుక్కుంది తల్లి జమాల్‌బీ.

సబీనా గబగబా తిని లేచింది. మరుసటి రోజు ఆఫీసులో ఆ పేజీని ఏజెంట్‌కి ఇచ్చి, పరీక్షల కోసం ఉంచిన డేటాబేస్‌ని రకరకాలుగా పాడుచేసి చూసింది. ఏజెంట్ ప్రతిసారీ సరిగ్గానే నడుచుకుంది. కడాన సబీనా డేటాబేస్‌ని మొత్తంగా ఆపేసింది. టూల్ నుంచి ఏ జవాబూ రాలేదు. అప్పుడు ఏజెంట్ ఇట్లా రాసింది: "తప్పులేవీ కనిపించలేదు. డేటాబేస్ బాగుంది."

సబీనాకి పట్టరాని సంతోషమేసింది. పక్క కుర్చీలోనే ఉన్న ప్రేమలీలకి చెప్పలేదు. సాయంత్రం అందరూ కూర్చునే మీటింగ్ దాకా ఆగి, పెద్ద తెర మీద చూపించింది.

"చచ్చిపోయిన డేటాబేస్‌ని బాగుందంటా ఉంది సార్. ఈ పేజీ చదివే" అంది.

ప్రేమలీల మొహం ఎర్రబడింది. తెర వైపు కాసేపు చూసి, "నిజమే అక్కా. జవాబు రాకపోతే ఏం చేయాలో నేను రాయలా" అంది.

"అయితే ఆ ముక్క మీరే రాయండి సబీనా గారూ" అన్నాడు నరేంద్రబాబు.

ఆమె ఎదురుచూసింది ఈ మాట కోసమే. అక్కడే కూర్చుని రాసింది. జవాబు ఎందుకు రాకపోవచ్చో, కరెంటు పోయి ఉండొచ్చని, నెట్ తెగి ఉండొచ్చని, సర్వర్ ఆగి ఉండొచ్చని ఓపిగ్గా, అందంగా వివరించింది. ఏజెంట్‌కి ఇచ్చినారు. అది ఆ కారణాలన్నిటినీ తను చేయాల్సిన పనుల్లాగా తీసుకుంది. నెట్ సెట్టింగులు మార్చింది. ఎవరినీ అడక్కుండా సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టబోయింది. నరేంద్రబాబు గబుక్కున దాన్ని ఆపేసినాడు.

"నేనొకసారి చూడనా అక్కా?" అని అడిగింది ప్రేమలీల. సబీనా తలూపింది. ఆ పిల్ల సబీనా రాసిందంతా నిదానంగా చదివి, కారణాలన్నీ తీసేసి మూడు ముక్కల్లో తేల్చింది. 'జవాబు రాకపోతే బాగున్నట్టు కాదు. ఏమీ మార్చొద్దు. మనిషికి చెప్పు.'

ఈసారి ఏజెంట్ ఏమీ ముట్టుకోకుండా నరేంద్రబాబు ఫోన్‌కి కబురు పంపింది.

మరునాడు పేజీ అడుగున ప్రేమలీల రెండు పేర్లు పెట్టింది. సబీనా పేరు ముందుంది. అది చూసి సబీనాకి సంతోషం కలగలేదు. తనైతే ఆ అమ్మాయి పేరు అట్లా పెట్టేది కాదని ఆమెకి తెలుసు. రాత మీద ఉన్న అసూయ ఇప్పుడు ఆ మంచితనం మీదికి కూడా పాకింది.

"పేరు ముందర పెట్టాల్సిన పనేముంది?" అంది పొడిగా.

"కనిపెట్టింది నువ్వే గదక్కా. నేనైతే అట్లా ఆపి చూసేదాన్నే కాదు" అంది ప్రేమలీల.

ఎందుకు ఆపి చూసిందో సబీనా చెప్పలేదు. తర్వాత రాయాల్సిన టూల్ వివరాలు తెరిచి, కుర్చీని ప్రేమలీల బల్ల దగ్గరికి జరుపుకుంది.

"ఏది తీసేయాలో నీకెట్లా తెలుస్తాదో చెప్పు" అంది, మొహం ఇంకా గంటు పెట్టుకునే.