మార్జిన్ లేని మాత్ర

ముప్పై ఏళ్లలో ఒక్క గుడ్డ కూడా పాడుచేయని మనిషి కటింగ్ మాస్టారు. ఆయన ఎక్కడా చెప్పుకోడు. దర్జీ కొట్టు నడిపే చెల్లెలే వచ్చినవాళ్లందరికీ చెవులు చిల్లులు పడేలా చెబుతుంది.

వదిన పోయాక అన్న కంటికి కునుకు కరువైంది. నెల తిరిగేసరికి కళ్లు గుంటలు పడ్డాయి. చెల్లెలే పోరుపెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ పదిహేను నిద్రమాత్రలు రాసింది. పడుకునే ముందు ఒక్కటే, తాగుడు పనికిరాదు, పొద్దున్న మత్తుగా ఉంటే కత్తెర ముట్టకూడదు అని చెప్పింది.

కానీ ఏది కత్తిరించినా కుట్టుకోసం అరంగుళం ఎక్కువ వదిలే చెయ్యి కదా అది! మూడో రాత్రి మాస్టారు మాత్రకు కూడా అర మాత్ర మార్జిన్ కలిపాడు. మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారి కోటు గుడ్డ మీద సుద్దగీత నిక్షేపంలా ఉంది. కత్తెర మాత్రం గీత దాటి చేతి ముక్కలోకి దూసుకుపోయింది. కొట్లో మిషన్లన్నీ ఆగిపోయాయి.

"తడిపితే కుంచించుకుపోయిందని చెబుదాం అన్నయ్యా," అని గొణిగింది చెల్లెలు.

"నోర్ముయ్!"

హెడ్మిస్ట్రెస్ రాగానే ఆయనే ఎదురెళ్లాడు. "తప్పు నాదేనమ్మా. నిద్రమాత్ర ఎక్కువేసుకుని కత్తెర పట్టాను. ఇదే గుడ్డ తెచ్చిస్తాను, ఎవరిచేతనైనా కుట్టించుకోండి."

ఆవిడ తెగిన ముక్క చూసి వెనుదిరిగి వెళ్లిపోయింది. మళ్లీ ఈ గడప తొక్కుతుందో లేదో, అన్న పేరు ఏమైపోతుందోనని చెల్లెలికి ఒకటే బెంగ.

"మందుకి మార్జిన్ ఉండదు మాస్టారూ!" అని సంగతి విన్న డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఆ వారమంతా మాస్టారు కత్తెర పక్కన పెట్టి, మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టాడు. మాత్ర ఒక్కటే వేసుకున్నాడు. పగటి కునుకు మానేసి, రోజూ ఒకే వేళకి లేచాడు. డాక్టరమ్మ ఆపమన్న రోజున ఆపేశాడు. రెండు రాత్రులు అటూ ఇటూ దొర్లాడు. ఆ తర్వాత నిద్ర దానంతటదే వచ్చింది.

"నాకూ నిద్ర పట్టట్లేదు. మాత్రలు ఎలాగూ మిగిలాయిగా బావా, నాకిచ్చెయ్," అన్నాడు చెల్లెలి మొగుడు.

"నా కొలతకి కుట్టింది నీకు తొడగను బావా. వెళ్లి డాక్టరమ్మకి నీ కొలతలివ్వు."

మిగిలినవి మందుల షాపులో అప్పగించి వచ్చేసరికి హెడ్మిస్ట్రెస్ ఆయన కొనిచ్చిన కొత్త గుడ్డతో కొట్లో కూర్చుని ఉంది.

"పొద్దున్న తేలిగ్గా లేచారా మాస్టారూ?"

"లేచానమ్మా. మాత్ర లేకుండానే."

"అయితే కత్తిరించండి."

చెల్లెలు ఇప్పటికీ ఊరుకోదు. కాకపోతే మాట కొంచెం మార్చింది. "ముప్పై ఏళ్లలో ఒకే ఒక్క గుడ్డ పాడుచేశాడండీ మా అన్నయ్య. అదీ తన నోటితోనే చెప్పాడు."