పదకొండు గంటల కుట్ర

సరిగ్గా పదకొండూ పదికి, అమ్మ చూస్తున్న సీరియల్లో అత్తగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.  సర్కారు నన్ను కనిపెట్టేసింది! ఆ రోజుల్లో, తెలిసిన నాలుగు ముక్కలకే లోకం మనల్ని చూసి వణుకుతోందని నమ్మే వయసు నాది. డిగ్రీ పూర్తిచేసి తాండూరులో ఇంటిపట్టున ఉన్నాను. ఇంటర్నెట్‌కు తాళాలు వేయడం మహాపాపమని బ్లాగులో నిప్పులు చెరిగేదాన్ని. (చదివేవాళ్లు తొమ్మిది మంది. అందులో నలుగురు మేనత్త పిల్లలు.)

అసలు ఆ సీరియల్ నెట్టులో వస్తోందంటే నా పుణ్యమే. కేబుల్ పీకించి, పాత కంప్యూటర్‌ను టీవీకి తగిలించి, అక్క పెళ్లి వీడియోతో సహా ఇంటిల్లిపాది జ్ఞాపకాలన్నీ అందులో నింపాను. నెట్టు కోసం మేడ మీద చిన్న యాంటెన్నా పెట్టించాను. దానికి ఇంటి కరెంటు తగలనిస్తే ఒట్టు! సోలార్ ప్యానెల్ ఒకటి, అరిగిపోయిన స్కూటర్ బ్యాటరీ ఒకటి. (రాత్రి నెట్టు లేకపోవడం నా దృష్టిలో ప్రకృతి నియమం.) బండల పాలిషింగ్ పని నుంచి ఒళ్లంతా తెల్లదుమ్ముతో వచ్చిన నాయిన, "మంచిదే బిడ్డా, సూర్యుడైతే జీతమడగడు" అన్నాడు. ఆ తెల్లదుమ్మే ప్యానెల్ మీదా పడేది కాబట్టి, పొద్దున ఆరింటికల్లా తడిగుడ్డతో దాన్ని అద్దంలా తుడిచేదాన్ని.

నాలుగు రోజులు వరుసగా అదే తంతు. పదకొండు దాటగానే నెట్టు పోతుంది, ఐదు కొట్టకముందే వస్తుంది. అచ్చం సర్కారు ఆఫీసు వేళలు! ఇంట్లో రూటర్ పచ్చగా వెలుగుతూనే ఉంది. అక్క పెళ్లి వీడియో ఆడుతుంది, సీరియల్ మాత్రం రాదు. ఏరి మరీ ఆపుతున్నారనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? నెట్టు కనెక్షన్ అబ్బాయికి ఫోన్ చేస్తే "మా దిక్కు అంతా మంచిగనే ఉంది మేడం" అన్నాడు. పైనుంచి ఒత్తిడి ఉన్నవాడు అంతకన్నా ఏమంటాడు!

"నా సీరియల్ ఎవడాపిండే?" అంది అమ్మ.

"సర్కారు."

"సర్కారుకు మా అత్తాకోడళ్ల లొల్లితోని ఏం పని?"

ఐదో రోజు నా మొదటి ఇంటర్వ్యూ. మూడుచోట్ల కాదనిపించుకున్నాక వచ్చిన ఒకే ఒక్క పిలుపు అది. వికారాబాద్‌లో సోలార్ ప్యానెళ్లు బిగించే చిన్న సంస్థ. యజమాని వీడియోలో మాట్లాడతానన్నది సరిగ్గా పదకొండింటికి. కుట్ర మొదలయ్యేలోపు పది నిమిషాల్లో ముగించేద్దామనుకున్నాను. కానీ ఆయన "మీ గురించి చెప్పండి" అనడమే ఆలస్యం, ఆ పది నిమిషాలూ నేనే మాట్లాడాను. "సౌరశక్తిని నమ్ముకుంటే అంతరాయమనే మాటే..." అంటుండగా తెర మీద ఆయన ముఖం కదలకుండా బిగుసుకుపోయింది.

ఏడుపు తన్నుకొచ్చింది. ఫోన్ సిగ్నల్ కోసం మేడ మీదికి పరుగెత్తాను. (మండుటెండలో మేడ ఎక్కడం అదే మొదలు.) ప్యానెల్ మీద పాత పంచె పరిచి ఉంది. పంచె నిండా వరుసలు తీరిన సగ్గుబియ్యం వడియాలు. పక్కన గొడుగేసుకుని, చేతిలో కట్టెతో కాకుల్ని అదిలిస్తూ నాయనమ్మ.

"ఏందే గిది!"

"వడియాలే బిడ్డా. గీ అద్దం మీద మస్తుగ ఎండుతున్నయ్. కోడి ఎక్కది, మేక ముట్టది."

"అది వడియాలకు పెట్టింది కాదే!"

"మరి రోజు పొద్దుగాలనే లేచి గంత మంచిగ తుడుస్తివి? నాకోసమే అనుకున్న. మీ అమ్మతోని గూడ అన్న, పోరికి నా మీద ఎంత ప్రేమ, ఎంత పావురమని."

చేతిలో ఫోన్ మోగింది. ఇంటర్వ్యూ ఆయనే. "ఏమైందమ్మా? ఎందుకు కట్టయింది?" అనడిగాడు. సెన్సార్‌షిప్ గురించి నాలుగు రోజులుగా నూరిన ప్రసంగం నాలుక చివరే ఉంది. వడియాల వంక చూశాను. "సర్, ప్యానెల్ మీద మా నాయనమ్మ వడియాలు ఎండేసింది" అన్నాను.  అవతల ఫోన్ పగిలేంత నవ్వు. "తప్పు ఎక్కడుందో ఇంత సూటిగా చెప్పినవాళ్లను చూడలేదు. సోమవారం వికారాబాద్ వచ్చెయ్" అన్నాడు. "వట్టి చేతులతోని పోకు, ఇవి పట్టుకపో" అంది నాయనమ్మ. ఉద్యోగంలో చేరాక, అక్కడ మా కస్టమర్లకిచ్చే పుస్తకంలో మొదటి సూచన నేను రాసిందే: 'ప్యానెల్ మీద ఏమీ ఎండబెట్టరాదు.' హరిత విద్యుత్తుకు నా సేవ అది.

ఇప్పుడు వికారాబాద్‌లోనే ఇద్దరు పిల్లల తల్లిని. వాళ్లు నిద్రపోయాక నెట్టులో ఏది చూడకూడదో, ఏది వినకూడదో వెతికి వెతికి తాళాలు వేసేది నేనే. సాయంత్రం ఏడింటికి కార్టూన్లు ఆగిపోతాయి. ఎందుకని అడిగితే "ఏమో, మన దిక్కు అంతా మంచిగనే ఉంది" అని, ఆ కనెక్షన్ అబ్బాయి లాగే, రెప్ప వేయకుండా చెప్తాను. నిన్న సాయంత్రం ఏడేళ్ల నా బిడ్డ తమ్ముడి చెవిలో గుసగుసలాడింది: "ఎవరో కావాలనే ఆపుతున్నర్రా." నవ్వొచ్చింది. రాత్రి మాత్రం నిద్ర రాలేదు. తాళాలు తీసే ధైర్యం నాకు లేదు. అబద్ధమన్నా మానేద్దామనుకున్నాను.

ఈ పొద్దున పాలు తాగుతున్న ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాయనమ్మ వడియాల కథంతా వినిపించి చెప్పాను: "ఇగ నుంచి నెట్టు పోతే ముందుగాల మేడెక్కి మన ప్యానెల్ చూడుండ్రి. అక్కడ వడియాలు లేకుంటే, ఆపింది నేనే. వచ్చి నాతోనే కొట్లాడుండ్రి."