తాళం తిప్పే మనిషి

రిటైరైన లెక్కల మాస్టారు ఉమాకాంతం తాతయ్య జగ్గయ్యపేటలో ఒంటికాయ శొంఠికొమ్ములా ఉండేవాడు. ఆయన పాత డీజిల్ అంబాసిడర్ పక్కనున్న చిల్లకల్లు దాకా వెళ్లడమే గగనం. అయినా ప్రతి ఆదివారం పంచె ఎగ్గట్టి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే దాని నాజిళ్లు విప్పేవాడు. కిరోసిన్‌లో కడిగి, గొట్టాలకు బయటే బిగించి, గోడ మీదుగా పక్కింటి కిషోర్‌బాబుకి కేకేసేవాడు: "కిషోరూ, వచ్చి తాళం తిప్పవయ్యా." ఒకరు ఇంజన్ తిప్పితేనే గదా, డీజిల్ పొగమంచులా చిమ్ముతోందో, బొట్లుగా కారుతోందో రెండోవారికి తెలిసేది. ఎప్పుడూ పొగమంచే, అంటే నాజిల్ శుభ్రంగా ఉన్నట్టే. అయినా తాతయ్య కళ్లజోడు సర్దుకుని, పెదవి విరిచి, "ఇంకోసారి" అనేవాడు. ఆ ఇంకోసార్లకు అంతుండేది కాదు. వారమంతటికీ ఆ ఇంట్లో వినిపించే మాటలు అవే.

మాస్టారికి ఒకరి కోసం ఎదురుచూసే బాధ తప్పిద్దామని, కిషోర్‌బాబు పొడుగాటి వైరుకి స్విచ్చి కట్టి తెచ్చాడు. "ఇక మీరే నొక్కి మీరే చూసుకోవచ్చండి." తాతయ్య మెచ్చుకున్నాడు గానీ, ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

మరుసటి ఆదివారం మళ్లీ కేక. "నీ స్విచ్చి పాడైపోయిందయ్యా." కిషోర్‌బాబు వచ్చి చూశాడు. వైరు కటింగ్‌ప్లేయరుతో కోసినట్టు నున్నగా తెగి ఉంది. తాతయ్య నాజిల్ వంక తప్ప ఇంకెటూ చూడటం లేదు.

"ఎలకలండి, వీటితో పడలేం" అంటూ కిషోర్‌బాబు కారులో కూర్చుని తాళం మీద చెయ్యేశాడు. "తిప్పమంటారా మాస్టారూ?"