తెలియదన్న డాక్టరమ్మ

ఈ రోజు స్కాన్ గదిలో నెలలు నిండని బిడ్డ తలగుడ్డ విప్పగానే ఆముదం వాసన గుప్పుమంది. నర్సులు ఎంత మొత్తుకున్నా వినరు, ఏ అమ్మమ్మో కన్నుగప్పి మాడుకు రెండు చుక్కలు అద్దేస్తుంది. విసుక్కోబోయి ఆగిపోయాను. వసుంధర మేడం గుర్తొచ్చారు.

నెల్లూరులో నేను పని నేర్చుకున్నది ఆమె దగ్గరే. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల మెదడు ఎలా ఎదుగుతోందో అల్ట్రాసౌండ్‌తో చూడటం ఆమె పని. నడినెత్తిన ఎముక ఇంకా మూసుకోని ఆ మెత్తటి మాడులోంచే లోపల కనిపిస్తుంది. జెల్ చల్లగా తగిలితే బిడ్డ ఉలిక్కిపడుతుందని అరచేతుల్లో వెచ్చచేసి గానీ రాసేవారు కాదు. నేను తొందరపెడితే, "నీ నెత్తిన ఐసు పెడతా, ఎట్టుంటాదో చూడు" అని కసిరేవారు.

ఒకసారి కొడవలూరు నుంచి ఒక అవ్వ వచ్చింది. కోడలికి ఏడో నెలలోనే కాన్పయింది. మనవడి తల మీద మేడం స్కాన్ చేసే ప్రోబు ఆనించబోతే అవ్వ అడ్డం పడింది.

"మాడు మీద ఆ కట్టె పెడతారా? ఆముదం పెట్టేటప్పుడే నేను ఊపిరి బిగబట్టుకుంటానే!"

"నేనూ అంతే అవ్వా. నా చెయ్యి పట్టుకో, గట్టిగా ఆనితే లాగెయ్" అన్నారు మేడం.

అవ్వ నిజంగానే పట్టుకుంది. తెర మీద మెదడు నున్నగా, మడతలు లేకుండా ఉంది. ఆ నెలల బిడ్డకు అంతే, మడతలు వారాల మీద వస్తాయి. కానీ ఒక పక్క రక్తం కారి గడ్డకట్టి ఉంది. మేడం ఉన్నదున్నట్టు చెప్పారు.

"నడుస్తాడా, నడవడా? ఒక్క మాట చెప్పు తల్లీ. అందరూ లాభం లేదు, ఇంటికి తీసకపొమ్మంటుండారు" అంది అవ్వ.

"తెలీదు అవ్వా. ఈ బొమ్మ చూసి చెప్పలేను. వచ్చే వారం మళ్లీ చూస్తా, ఉండండి."

 అవ్వ వెళ్లి వరండాలో చాప పరుచుకుంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ, బాగవుతాడని ఒక మాట అంటే మన సొమ్మేం పోయిందని అడిగాను. మేడం ముఖం వాడిపోయి ఉంది.

"అలిసిపోయినప్పుడే నోరు జాగ్రత్త. ఇంటికి పోవాలని ఏదో ఒకటి చెప్పేస్తాం. బాగవుతాడని చెప్పినా, బాగుపడడని చెప్పినా మనకు సులువే" అన్నారు.

వారం వారం చూశాం. రక్తం కరిగింది, మడతలు పడ్డాయి. ఒక్కో మడతను మేడం వేలితో చూపిస్తుంటే, అవ్వకు ఏం అర్థమయ్యేదో గానీ, కళ్లార్పకుండా చూసేది. ఏళ్ల తర్వాత వాణ్ణి తీసుకొచ్చింది. ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు, నోరు మాత్రం ఊరుకోదు. మేడం ఆ కాలి వైపే చూస్తూ ఉండిపోయారు.

"తెలిసినోళ్లంతా పొమ్మన్నారు తల్లీ. తెలీదన్నది నువ్వొక్కదానివే. ఆ మాట పట్టుకోనే ఉండిపోయినాం" అంది అవ్వ. మేడం ఏడ్చేశారు.

ఆమె ఇప్పుడు లేరు. నాకు ఓపిక తగ్గింది, నిజం చెప్పాలంటే ఈ పని మీద విసుగే ఎక్కువ. ఈ రోజు స్కాన్‌లో ఈ బిడ్డకూ ఒక పక్క అలాంటి గడ్డే కనిపించింది. బయటికి రాగానే బిడ్డ తండ్రి వరండాలో ఎదురొచ్చాడు.

"బాగుంటాడా సార్?"

ఏం ఫరవాలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదు నాయనా" అన్నాను.

"డాక్టరై ఉండి తెలీదంటారేంది!" అని అరిచాడు. అరవనిచ్చాను. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి గొంతు తగ్గించి ఆయనే అడిగాడు.

"మళ్లీ ఎప్పుడు చూస్తారు సార్?"