నైట్ షిఫ్టు కోపం కాదు

అన్నం గిన్నె నేలకేసి కొట్టిన రోజున నాలో ఏదో తేడా ఉందని తెలిసింది. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ మాది. మా ఆయనది బొగ్గుబాయి పని. ఆ వారం నైట్ షిఫ్టు కాబట్టి పగలు నిద్రపోతున్నాడు. మా చిన్నారి స్వప్న చెంచాతో పళ్లెం మీద టకటకా కొట్టింది, అంతే. గిన్నె విసిరేశాను. పాప ఏడవను కూడా ఏడవలేదు, మంచం కింద దూరింది.

బాయి పనివాళ్ల ఇళ్లలో నైట్ షిఫ్టు వారమంటే ఆడవాళ్లు నోరు కుట్టుకుని బతికే వారం. కుక్కర్ కూత పెట్టకూడదు, పిల్లలు పరుగెత్తకూడదు. అందుకే అందరం తప్పంతా షిఫ్టు మీదకే తోశాం. నా ఏడుపు, రొమ్ముల సలుపు, నిద్ర పట్టకపోవడం, బతకడమెందుకనే దిగులు, అన్నిటికీ ‘నైట్ షిఫ్టు కోపం’ అని ఒకటే పేరు. ఆయన సార్ల కాళ్లావేళ్లా పడి జనరల్ షిఫ్టు వేయించుకున్నాడు. పగలు ఇల్లు ఖాళీ. అయినా మరుసటి నెల కోపం టైముకి డ్యూటీ ఎక్కింది.

దాంతో మా అత్త మరియమ్మ మా ఆయనకు తేల్చి చెప్పేసింది. “దీనికి మతి తిరిగింది బిడ్డా. ఆదివారం ప్రార్థనయినంక కాసిపేటల తల్లిగారింట్ల దించి రా. పోరి నా దగ్గరుంటది.”

“నా బిడ్డను ఇడిసి నేను యాడికి పోను. పోతె దవాఖానకు పోత,” అన్నాను.

దవాఖానలో లేడీ డాక్టర్ హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు రాసింది. అన్నీ నార్మల్. మా ఆయన ముఖం వెలిగింది. నాకు మాత్రం భయమేసింది. జబ్బు లేదంటే ఇక మిగిలేది మా అత్త చెప్పిన మాటే కదా.

“పీరియడ్ మొదలయ్యాక ఎలా ఉంటుందమ్మా?” అని డాక్టరమ్మ అడిగింది.

“రెండు దినాలల్ల మల్ల మనిషినైత మేడం.”

“అయితే ఏ రోజు ఎలా ఉందో రెండు నెలలు రాసి తీసుకురా.”

హాల్లో క్యాలెండర్ మీద, ఆయన షిఫ్టుల పక్కనే రాశాను. “మొగోళ్లు సూసే జాగల గివేం రాతలే, సిగ్గు లేదా?” అంది అత్త.

“సిగ్గువడితె నయమైతదా అత్తమ్మా?” అన్నాను. చెరపలేదు.

గుర్తులన్నీ పీరియడ్ ముందు వారంలోనే కుప్పపడ్డాయి. “షిఫ్టూ కాదు, పిచ్చీ కాదు. నెలసరి ముందు వచ్చే ఈ బాధను పీఎంఎస్ అంటారు. నీది అందులోనే తీవ్రమైన రకం, పీఎండీడీ,” అంది డాక్టరమ్మ. రోజూ నడవమంది, చాయ్ తగ్గించమంది. వాటితో కొంతే తగ్గింది. అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది, ఆయన ఫ్లూఆక్సిటిన్ అనే గోలీలు రాశాడు. మొదట్లో వికారం. కాస్త నెమ్మదించగానే, పిచ్చి గోలీలని ఎవరో అన్నారని నా అంతట నేనే మానేశాను. తర్వాతి నెల మళ్లీ మొదటికొచ్చింది. “బీపీ బిళ్ల వేసుకోవడానికి సిగ్గుపడతారా? ఇదీ అంతే,” అన్నాడు డాక్టర్. మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి ఆయన చెప్పినట్టే వాడాను. మెల్లగా పాప నా పక్కకొచ్చి పడుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, పాప హైస్కూలుకొచ్చింది. ఆ వారం కష్టంగానే ఉంటుంది, కానీ ముందే తెలుసు కాబట్టి ఇంట్లో చెప్పేస్తాను. కొత్త పీడ ఇంకొకటి. నేనేం అడిగినా మా ఆయన దాన్ని జబ్బు ఖాతాలో వేస్తాడు. మొన్న నన్ను అడగకుండానే పాపను హాస్టల్లో వేస్తానని తన తమ్ముడికి మాటిచ్చి వచ్చాడు. నిలదీస్తే నవ్వాడు. “గా రోజులు మొదలైనయా ఏంది?”

“కాలే. నేను మంచిగనే ఉన్న. మంచిగుండే అడుగుతున్న. నా బిడ్డను నన్ను అడగకుంట ఎట్ల పంపుతవ్?”

ఆ సాయంత్రమే పోయి తమ్ముడికి వద్దని చెప్పి వచ్చాడు. పాప ఇక్కడే చదువుతోంది.

అక్కలారా, చెల్లెళ్లారా, దవాఖానకు పోయేముందు రెండు నెలలు మీ రోజులు రాసుకుని పట్టుకెళ్లండి. డాక్టరుకు అదే పెద్ద టెస్టు. ఏది జబ్బు తెచ్చిన కోపమో, ఏది న్యాయమైన కోపమో మీకూ తెలుస్తుంది. మొదటిదానికి మందు వేసుకోండి. రెండోదానికి వేసుకోకండి.