కొమురయ్య కాకా వెర్షన్, నర్సింగన్న రియాక్షన్

రెండు దున్నపోతులను వార్తాపత్రిక కార్యాలయపు గుమ్మం దాకా రప్పించిన విలేకరి ఈ నగరంలో మరొకరు ఉన్నారేమో నాకు తెలియదు. నేను మాత్రం రప్పించాను. అదీ పట్టపగలు, మొఘల్‌పురాలో ఇద్దరు మనుషులు ఎదురెదురైతే భుజాల ఒరిపిడి తప్పని సందులోకి. ఆ ఘనకార్యం ఎలా సంభవించిందో పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నవ్వదలచిన వారు నిస్సంకోచంగా నవ్వవచ్చును. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అవి డెబ్బయ్యవ దశకపు రోజులు. మా వంశంలో బి.ఏ. పట్టా చూసిన మొదటి వాణ్ని నేనే. మా బాపు కంచన్‌బాగ్‌లో ఒక లోహపు కర్మాగారంలో కొలిమి దగ్గర పని చేసేవాడు. నేను ఒక చిన్న తెలుగు దినపత్రికలో విలేకరిగా చేరాను. "కొన్నాళ్లు చూస్తాం, పనికొస్తే ఉంచుకుంటాం" అన్న షరతు మీద.

చేరిన వారంలోనే ఆ వృత్తి మాటలతో నాకు విపరీతమైన ప్రేమ కుదిరింది. వార్తలో మొదటి వాక్యం ఇంట్రో. రాసి ఇచ్చిన కాగితం కాపీ. పేజీలో మిగిలిన ఖాళీని పూడ్చే నాలుగు వాక్యాల ముక్క ఫిల్లర్. నిన్నటి వార్తకు ఇవాళ్టి కొనసాగింపు ఫాలో అప్. అన్నిటికీ మించి, వార్త నెత్తిన విలేకరి పేరు అచ్చయితే అది బైలైన్. ఈ మాటలను నేను కార్యాలయంలో వదిలి వచ్చేవాణ్ని కాను. "అమ్మా, పప్పు బాగుంది గని ఇంట్రోలనే ఉప్పు ఎక్కువైంది" అని ఒకనాడు అన్నాను. అమ్మ నా వైపు, తరువాత గరిటె వైపు చూసింది. నేను రెండో ముద్ద కలుపుకున్నాను.

బాపుకు మాత్రం ఒక్క మాటే తలకెక్కింది.

"అదేందో లైను అన్నవు గద సత్తీ, నీ పేరు పడేది. గదెప్పుడు పడ్తదిర? మా షిఫ్టోళ్లందరికీ చెప్పి పెట్టిన."

"పడ్తది బాపు. గట్టి వార్త దొరకాలె."

"కూసుంటే దొరుకుతదా? దేవులాడాలె!"

దేవులాడాలని నేను కంకణం కట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే దీపావళి దగ్గర పడింది. దీపావళి వెళ్లగానే మా వైపు పాడి కుటుంబాల వారు సదర్ చేస్తారు. దున్నపోతులను నూనెతో నిగనిగలాడించి, కొమ్ములకు రంగులు వేసి, పూలదండలూ గజ్జెలూ కట్టి, డప్పులతో ఊరేగించి, వెనుక కాళ్ల మీద నిలబెట్టి ఆడిస్తారు. మా చీఫ్ రిపోర్టర్ శంకరరావు గారు నన్ను పిలిచారు.

"ఏమయ్యా గ్రాడ్యుయేట్, మీ ఉప్పుగూడల సదర్ తయారీ ఎట్లుందో చూసి నాలుగు ముక్కలు రాయి. ఫిల్లర్. అర్థమైందా? ఫిల్లర్!"

నాకు అర్థమైంది. ఆయన ఫిల్లర్ అడిగారు కనుక నేను బైలైన్ తేవాలని అర్థమైంది.

ఉప్పుగూడలో రైలు పట్టాలకు ఇవతల కొమురయ్య కాకా పశువుల కొట్టం. అవతల నర్సింగన్న కొట్టం. ఏటా ఇద్దరి దున్నలూ పక్కపక్కనే నడిచేవి. ముందుగా కొమురయ్య కాకా దగ్గరికి వెళ్లాను. ఆయన తన దున్న రాజా వీపుకు నూనె పట్టిస్తున్నాడు.

"చూడు బిడ్డా, మా రాజా! ఏనుగు గూడ పక్కకు జరుగుతది. అవతల నర్సింగ్‌గాని షేరు ఉన్నది చూడు, అది దున్న గాదు, పెద్ద సైజు మేక. దాన్ని లేపి నిలబెట్టాలంటే నలుగురు ఎన్కకెల్లి నూకాలె."

ఇది ఆరోపణ! ఒకరు మరొకరిపై మాట అంటే రెండో వైపు వెర్షన్ అడగకుండా కాపీ ఇవ్వరాదని శంకరరావు గారు మొదటి రోజే బోధించారు. వెంటనే సైకిలెక్కాను. రైలు గేటు దాటి నర్సింగన్న ముందు నిలబడ్డాను.

"అన్నా, నీ షేరు దున్న గాదు, మేక అని కొమురయ్య కాకా ఆరోపించిండు. దీని మీద నీ వెర్షన్ ఏంది?"

నర్సింగన్న పగలబడి నవ్వాడు. "మేకనా? కొమురన్న కండ్లకు పొరలొచ్చినయ్ తమ్మీ. పోయిన సాలు ఆయన రాజా డప్పు సప్పుడుకు బెదిరి సోడా బండి ఎన్క దాసుకున్నది. మేమే గుంజుకొచ్చినం. రాస్కో, గట్లనే రాస్కో!" అని నా చేతిలో గ్లాసెడు పాలు పెట్టాడు.

పాలు తాగాను. మాటలు పొల్లు పోకుండా రాసుకున్నాను. ఆయన నవ్వును మాత్రం రాసుకోలేదు. నవ్వును కాపీలో ఎక్కడ పెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు మరి.

మళ్లీ ఇవతలికి.

"సోడా బండి ముచ్చట గూడ చెప్పిండా?" కొమురయ్య కాకా చేతిలోని నూనె గిన్నె ఆగిపోయింది. "గది ఇంట్ల ముచ్చట. పేపరోనికి చెప్తడా?"

"కాకా, నీ రియాక్షన్?"

"రియాక్షనా? ఈసారి నా రాజా ముందట నడుస్తది. వాని షేరును పేడ ఎత్తుకుంట ఎన్కకెల్లి రమ్మను!"

మళ్లీ అవతలికి. ఆ రోజు నా సైకిలు తిరిగిన తిరుగుడు చూసి, గేటు దగ్గరి ఉద్యోగి నేనూ ఒక ప్యాసింజరు రైలుననుకొని పచ్చజెండా ఊపుతాడేమో అనిపించింది. గేటు మూసినప్పుడల్లా నేను సైకిలు మీదనే శీర్షికలు కట్టుకునేవాణ్ని.

"పేడ ఎత్తాల్నా?" నర్సింగన్న ఈసారి పాలు ఇవ్వలేదు. "గంత మాటన్నడా? అయితే నేను ఆయన తొవ్వకే రాను. మా డప్పు వేరే, మా తొవ్వ వేరే. పోయి చెప్పు!"

చెప్పాను, పాఠకులారా. పోయి మరీ చెప్పాను. కొమురయ్య కాకా నాకు ఏ రియాక్షనూ ఇవ్వకుండా రాజా మెడ పట్టుకొని నిలబడిపోయాడు. "స్పందించడానికి నిరాకరించారు" అని రాసుకున్నాను. ఎంత గంభీరమైన వాక్యం!

మరునాటి పత్రికలో నా వార్త నలువైపులా గీతలు గీసి, బాక్సు కట్టి వచ్చింది. "సదర్‌లో చీలిక. వేర్వేరు దారుల్లో రాజా, షేరు." పేరు మాత్రం లేదు. శంకరరావు గారిని అడిగితే, "తొందరేందయ్యా? ఫాలో అప్ పట్టుకురా, చూద్దాం" అన్నారు.

ఆ రాత్రి అన్నం ముందు బాపు ముఖం ముడుచుకొని ఉంది.

"నర్సింగ్ వేరే డప్పులోళ్లను మాట్లాడుకున్నడట. కొమురయ్య పొద్దుగాల నుంచి బువ్వ ముట్టలేదట."

"ఇదంతా ఫాలో అప్‌కు పనికొస్తది బాపు!"

"ఏంది పనికొచ్చేది? వాళ్లిద్దరు అంగీలు లేనప్పటికెల్లి దోస్తులురా. ఒకని దున్న లేకుంటే ఇంకొకడు సదరే చెయ్యడు."

ఈ సమాచారాన్ని కూడా నేను మనసులో ఫాలో అప్‌లోనే చేర్చుకున్నాను. పట్టుదల అంటే అలా ఉండేది.

మరునాడు మధ్యాహ్నం కార్యాలయంలో "ఉద్రిక్తత" అన్న మాట రాసి, దాని అందం చూసుకుంటున్నాను. సందులో గజ్జెల మోత వినిపించింది. వెంటనే, బర్రెలను ఇటెందుకు తెచ్చారని రిక్షావాలా కేక. "అరే మియా, భైంసోఁకు కాయ్‌కు లాయే ఇదర్? హటావ్!"

కిటికీలోంచి చూశాను. రాజా. దాని వెనుకే షేరు. వాటి నడుమ, భుజాల మీద చేతులు వేసుకొని, కొమురయ్య కాకా, నర్సింగన్న.

నేను బల్ల కింద దూరేలోగా వాళ్లు లోపలికి వచ్చేశారు. షేరు తల కూడా గుమ్మం దాకా వచ్చి, అక్కడి వాల్ పోస్టరును ప్రశాంతంగా నమలసాగింది.

కొమురయ్య కాకా బాక్సు కట్టిన నా వార్తను బల్ల మీద పరిచాడు. శంకరరావు గారు లేచి నిలబడ్డారు. "ఈ మాటలు వీళ్లు అన్నవేనా?"

"అక్షరం తప్పు లేదు సార్!" అన్నాను గర్వంగా.

"అన్న సారూ, అన్న," అన్నాడు కొమురయ్య కాకా. "ఊహ తెలిసినకాడికెల్లి అంటనే ఉన్న. సదరొచ్చిందంటే నేను వాని దున్నను తిడ్త, వాడు నా దున్నను తిడ్తడు. తిట్టకుంటే పండుగొచ్చినట్లే ఉండది. మొఖం మొఖం చూసుకొని, చాయ తాగుకుంట తిట్టుకుంటం. నడుమల వీడు సైకిలేసుకొని తిట్లు మోసిండు!"

"అదీ నవ్వులు పారబోసి, ఉట్టి తిట్లే మోసిండు," అన్నాడు నర్సింగన్న. "పొద్దుగాల కొమురన్న పేపర్ పట్టుకొని కొట్లాడనీకి నా కొట్టంలకొచ్చిండు. 'గీ మాట అన్నవా?' అన్నడు. 'అన్న. మరి నువ్వు?' అన్న. 'నేనూ అన్న. నువ్వెవ్వనికి అన్నవు?' అంటే 'సత్తిగానికి.' 'నేనూ వానికే!' ఇగ ఇద్దరం కూసొని నవ్వినం సారూ, కండ్లల్ల నీళ్లొచ్చేదాంక."

శంకరరావు గారు నా వైపు చూసిన చూపును నేను వర్ణించలేను. "ఉప్పుగూడల పుట్టి పెరిగినవు. ఇది నీకు ఎరుక లేదా?"

ఎరుకే. చిన్నప్పుడు ఆ తిట్లు వినడానికే గేటు మీద ఎక్కి కూర్చునేవాణ్ని. విలేకరి అయ్యాక అవి ఆరోపణలుగా వినిపించాయి. అంతే తేడా.

"రేపు వివరణ వేస్తాం," అన్నారు ఆయన. "'పత్రికలో దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నాం' అని."

"గట్ల కాదు సారూ," కొమురయ్య కాకా అడ్డుకున్నాడు. "పత్రిక నా కొట్టంలకు రాలేదు. సత్తిగాడు వచ్చిండు. వాని పేరు ఎయ్యాలె. పేరు లేకుంటే మా ఉప్పుగూడోళ్లు నమ్మరు. అప్పటిదాంక మేం కదలం, మా దున్నలు కదలయ్."

షేరు రెండో పోస్టరు అందుకుంది. శంకరరావు గారు వెంటనే అంగీకరించారు.

మరునాడు మొదటి పేజీలోనే వచ్చింది. రాజా, షేరు పక్కపక్కనే నడుస్తాయనీ, యజమానుల నడుమ ఏ తగవూ లేదనీ, "మా విలేకరి శ్రీ సత్యనారాయణ, బి.ఏ., పరాచికాలను తగాదాగా పొరబడినందుకు" చింతిస్తున్నామనీ. బి.ఏ. అని చేర్చింది శంకరరావు గారి కసి అని నా అనుమానం.

ఆ సాయంత్రం నేను దొంగలా ఇల్లు చేరాను. బాపు అప్పటికే షిఫ్టు నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో పత్రిక. ముఖం కొలిమిలా వెలుగుతోంది. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివేవాడు. మొదట తనకు కావలసిన అక్షరాలనే వెతుక్కున్నాడు.

"పడ్డదిర సత్తీ! నీ పేరు పడ్డది! మొదటి పేజీల! శ్రీ గూడ పెట్టిండ్రు, బి.ఏ. గూడ పెట్టిండ్రు! షిఫ్టోళ్లందరికీ జిలేబి పంచిన."

"బాపు, అది... మొత్తం చదివినవా?"

"చదివిన. మా ఫోర్‌మన్ గట్టిగ చదివి వినిపిచ్చిండు గూడ. అందరు మస్తు నవ్విండ్రు." బాపు పత్రికను జాగ్రత్తగా మడిచాడు. "తప్పు చేసినవు, ఒప్పుకున్నరు, అయిపాయె. పేరు పేరే గదరా!"

ఆ ఏడు సదర్‌లో రాజా, షేరు కొమ్ములు రాసుకుంటూ నడిచాయి. వాటి వెనుక పేడ బుట్ట పట్టుకొని నడిచిన బి.ఏ. ఎవరో ఉప్పుగూడ అంతటికీ తెలుసు.

కాబట్టి సత్యనిష్ఠ గల పాఠకుల ఎదుట నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఇది: ఇద్దరు ఆప్తుల నడుమ రాకపోకలు సాగించి వెర్షన్ గాని, రియాక్షన్ గాని ఇకపై ఎన్నడూ సేకరించను. మా అమ్మ చేతి కూర మీద మా ఆవిడ, మా ఆవిడ చేతి కూర మీద మా అమ్మ ఎంతటి సంచలన ప్రకటన చేసినా, కంచం ముందు తల వంచుకొని, ఆ వార్తను ముద్దతో పాటు అక్కడికక్కడే మింగేస్తాను.