రాజోలు కాలవ గట్టు మీద సరిపోని హుక్కు

ఐదు నెలలుగా నా చిరునామా ఒక బండి. విశాఖలో ఇరవై ఏళ్ళకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, అద్దె ఇల్లు ఖాళీ చేసి, దాచుకున్నదంతా పెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్ కొనుక్కున్నాను. లోపల ఒక మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, మడత కుర్చీ. నేను పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నలు లేరు. హైదరాబాదులో ఉన్న అన్నయ్య మాత్రం, "తిరిగి తిరిగి విసుగొస్తే మా ఇంట్లో వెనకగది నీదేనే" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ వెనకగదిలో కూర్చుని వదిన ఎప్పుడు టీ పెడుతుందా అని చెవి రిక్కించుకుని బతకడం నా వల్ల కాదు. కాబట్టి ఈ బండి పోతే నా ఇల్లు పోయినట్టే. కోనసీమ ప్రయాణానికి మాత్రం అంత పెద్ద కారణమేమీ లేదు. మోకాళ్ళ నొప్పులకి నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ వ్యాయామం మానేసి మరీ అంబాజీపేట పొట్టిక్కల గురించి చెప్పేది. అవి తినాలనిపించింది. తోడు రమ్మని ఇద్దరిని అడిగాను, ఇద్దరికీ పనులున్నాయి.

రావులపాలెం దగ్గర హైవే దిగేసరికి ఉదయం ఏడు. అక్కణ్ణుంచి కొత్తపేట మీదుగా అంబాజీపేటకి కారులో అయితే గంట పట్టదు, పెద్ద బండికి ఇంకో అరగంట కలుపుకోండి. రోడ్డు బాగానే ఉంది గానీ ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ ఉండదు, ఆటోలు చెయ్యి ఊపిన చోటల్లా ఆగుతాయి. పొట్టిక్కలంటే పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు. ప్లేటు యాభై రూపాయల లోపే. ఆకు వాసన పిండికి పట్టి, పక్కన పలచటి కొబ్బరి పచ్చడితో, ఇంత దూరం వచ్చినందుకు న్యాయం జరిగిందనిపించింది. హోటల్లో వడ్డించే ఆవిడ బండి వైపూ నా వైపూ చూసి, "ఒక్కరే వచ్చేరాండీ?" అని అడిగింది.

"ఆయ్" అన్నాను. ఈ ప్రాంతానికి వచ్చి రెండు గంటలే అయినా, 'ఆయ్' అనడం అప్పుడే అలవాటైపోయింది.

"ఒక్కరే తింటే సయించదండి. ఇంకోటి వేస్తాను, మాట్లాడతా తినండి" అని మరొకటి వేసి, మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. ఆవిడకి అవతల నాలుగు బల్లలున్నాయి మరి.

అమలాపురంలో డీజిలు, ట్యాంకులోకి నీళ్ళు పట్టించుకున్నాను. బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ దాటి, తాటిపాక మీదుగా రాజోలు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మెస్సులో భోజనం నూట ఇరవై, పులస కాదు గానీ చేపల పులుసు బాగుంది. రాత్రి బస దిండిలో. మెయిన్ రోడ్డున అరగంట కూడా పట్టదు. నేను మాత్రం నీడగా ఉందని కాలవ గట్టు రోడ్డు పట్టాను. ఎడమ పక్క నిండుగా కాలవ, కుడి పక్క వరిచేలు, నెత్తిన కొబ్బరాకులు. ఇలాంటి చోట "అటు చూడు" అనడానికి పక్క సీట్లో ఎవరూ లేకపోవడం కొంచెం కష్టమే. నిజం చెప్పాలంటే అప్పటికే రెండుసార్లు పైకి అనేశాను.

ఎదురుగా డొక్కల లారీ వచ్చింది. డొక్కలంటే కొబ్బరికాయలు ఒలిచాక మిగిలే పీచు తొక్కలు. దారివ్వడానికి ఎడమకి జరిగాను. ముందురోజు వానకి నానిన గట్టు అంచు బండి బరువుకి దిగబడింది. ఎడమ చక్రాలు రెండూ మట్టిలో కూరుకుపోయి, బండి కాలవ వైపు ఒరిగింది. లోపల గిన్నెలన్నీ ఒక్కసారిగా అటు దొర్లాయి. నేను కుడి తలుపు తోసుకుని బయటపడ్డాను. బండి నీళ్ళలోకి పూర్తిగా పడలేదు. పడడానికి పెద్దగా మిగిలింది కూడా లేదు. నా మంచం, నా పుస్తకాలు, నా కిటికీ అన్నీ కాలవలోకి తొంగిచూస్తున్నాయి. వెనకగది కళ్ళముందు కనబడింది, దాని ఆకుపచ్చ కర్టెనుతో సహా.

లారీ డ్రైవరు దిగి, "కంగారు పడకండమ్మగారూ" అంటూ ఫోన్లు చేశాడు. కాసేపటికి ఏసుబాబు అనే ఆయన ట్రాక్టరుతో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బక్కపల్చటి మనిషి. బండి చుట్టూ ఓసారి తిరిగి, "టోయింగ్ హుక్కు ఉందాండీ?" అని అడిగాడు.

ఉంది! ముందు బంపర్ మీద చిన్న మూత తీస్తే లోపల మర ఉన్న రంధ్రం ఉంటుంది, అందులో బిగించుకునే ఇనుప రింగు. బండి కొన్నప్పుడు పనిముట్ల సంచిలో చూసుకున్నాను, సంచి మళ్ళీ మూశాను. ఇప్పుడు గర్వంగా తీసి ఇచ్చాను. ఏసుబాబు మూత తీసి పెట్టి తిప్పాడు. కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. బావిలో గరిట తిప్పినట్టు వదులుగా తిరుగుతోంది తప్ప ఎక్కడా పట్టుకోవడం లేదు.

"ఇది మీ బండిది కాదండీ. ఏదో చిన్న కారుది. ఎప్పుడూ బిగించి చూళ్ళేదాండీ?"

చూళ్ళేదు. ఎదుటివాడు ఎలా వంగుతాడో, ఎలా లేస్తాడో చూసి బతికినదాన్ని, నా బండి నడుం మాత్రం ఎన్నడూ పరీక్షించలేదు.

"బంపరుకి కడితే ఊడొచ్చేస్తాదండి. కింద దూరి ఇరుసుకి గొలుసు కట్టాలి" అన్నాడు. ఒరిగిన బండి కిందకి మనిషి దూరడం! హుక్కు సరిపోయి ఉంటే ఆ అవసరమే లేదు. వద్దంటే వద్దన్నాను. బండి పోతే పోనీ అని నోటితో అన్నాను.

అప్పుడే సైకిలు మీద వచ్చిన సూరిబాబు గారనే పెద్దాయన అంతా విన్నారు. "లాగడం తరవాత. ముందు పడకుండా నిలబెట్టాలి. మన ప్రభని నిలబెట్టేమంటే ఇదెంత?" అన్నారు. ప్రభ అంటే ఇక్కడి తీర్థాల్లో, అంటే జాతరల్లో, వెదురుతో, రంగుబట్టలతో కట్టే ఎత్తయిన కట్టడం. దాన్ని భుజాల మీద మోస్తూ, 'అశ్శరభ శరభ' అని శరభలు అంటూ, బురద చేలలోంచి, కాలవల్లోంచి తీసుకెళ్తారు. ఒరిగిపోకుండా నలువైపులా మోకులు పట్టుకుంటారు. ఆయన ఒక కేక వేస్తే చేలోంచీ తోటల్లోంచీ పదిమందికి పైగా వచ్చేశారు. ప్రభ మోకులు వచ్చాయి. బండి పైన సామాను కట్టే ఇనుప చట్రానికి వాటిని బిగించి, చేను వైపు నిలబడి లాగిపట్టారు. లారీ డ్రైవరు బుట్టలతో డొక్కలు తెచ్చి చక్రాల ముందు కూరాడు. మోకులు పట్టినవాళ్ళ కుడి భుజాల మీద గట్టిపడిన కండ చూసి, ఇది ఏళ్ళ మోత అని నాకు అర్థమైంది.

సూరిబాబు గారు నా వైపు తిరిగి, "ప్రభకి ఇంటికో చెయ్యి ఉండాలండీ మా ఊళ్ళో. మీ తరపున ఎవరండీ?" అన్నారు.

"ఎవరూ లేరండీ. నేనే."

"అయితే మీరే పట్టండి" అని మోకు చివర నా చేతికిచ్చారు.

ఏసుబాబు బండి కిందకి దూరాడు. నేను ఆ మోకుని ఎలా పట్టుకున్నానో చెప్పలేను. ఆ కాసేపూ నాకు బండి గుర్తులేదు, బయటికి కనబడుతున్న అతని రెండు పాదాలే. గొలుసు కట్టి, మట్టి దులుపుకుంటూ వచ్చి, ట్రాక్టరెక్కి, "శరభలు మీరనండి, స్టీరింగు నేను చూసుకుంటాను" అని నవ్వాడు.

"అశ్శరభ శరభ!" అని అందరూ ఒక్కసారి అరిచారు. ట్రాక్టరు లాగింది, డొక్కలు చక్రాలని పట్టుకున్నాయి, బండి మూలుగుతూ రోడ్డెక్కింది. అక్కడితో ఆగితే బాగుండేది. ప్రభ ఒకసారి లేచిందంటే మధ్యలో ఆపకూడదట. ఆ అలవాటున వీళ్ళు శరభలంటూ మోకులు లాగుతూ చేలోకి పరుగందుకున్నారు! బండి ఈసారి చేను వైపు ఒరగడం మొదలుపెట్టింది. నేనూ వాళ్ళతో కలిసి అరుస్తూ లాగుతూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

"ఒరేయ్, ఇది ప్రభ కాదురా, అమ్మగారి బండి! వదలండి!" అని సూరిబాబు గారు కేకేశారు. అందరం వదిలేశాం. సగం మంది చేలో వెల్లకిలా పడ్డారు. బండి అటూ ఇటూ ఊగి, నిలబడింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, ట్రాక్టరు డీజిలుకి మాత్రం ఏసుబాబు ఒప్పుకున్నాడు. టీ పెడదామంటే నా దగ్గరున్నది ఒకే గ్లాసు. అయిదు నిమిషాల్లో ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు, గట్టు మీద నేనూ బండీ మిగిలాం. పదిమంది వెళ్ళిపోయాక ఉండే నిశ్శబ్దం, మొదటినుంచీ ఉన్న నిశ్శబ్దం కంటే బరువు. చివరగా సైకిలెక్కుతూ సూరిబాబు గారు తన నంబరు నా ఫోన్లో కొట్టించి, "ఇంటికి చేరేక ఓ ఫోన్ చెయ్యండమ్మా, చేరేనని" అన్నారు. ఆ మాట నాతో ఎవరైనా అని చాలా కాలమైంది.

ఒంటరిగా తిరగడమంటే ఎవరి సాయమూ అక్కర్లేకపోవడం అనుకునేదాన్ని. సాయం దొరుకుతుంది, ఈ నేల మీద ధారాళంగా దొరుకుతుంది. కానీ నా అజాగ్రత్త వల్ల ఒక మనిషి బండి కిందకి దూరవలసి వచ్చింది, అది మర్చిపోలేను. మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క పని చేయండి: బయల్దేరే ముందే, చదును నేల మీద, మీ హుక్కుని రంధ్రంలో పెట్టి చివరిదాకా బిగించి చూడండి. కొన్ని బండ్లకి మర ఎడమవైపు తిరుగుతుంది, అదీ చూసుకోండి. సంచిలో ఉందిలే అని సరిపెట్టుకోకండి.

దిండిలో నది ఒడ్డున బండి ఆపి, గిన్నెలు సర్ది, తలుపు వేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఇంకా వెలుగు ఉంది. సూరిబాబు గారికి ఫోన్ చేశాను.

"చేరేనండీ."

"అప్పుడేనా! దగ్గరేనన్నమాట మీ ఇల్లు."

"ఆయ్. దగ్గరేనండీ."

"ఇంట్లో అంతా కులాసానా అండీ?"

ఒకసారి చుట్టూ చూశాను.

"అంతా కులాసానేనండీ" అన్నాను.